అన్నం మానితే గ్రోత్ హార్మోన్ పెరగొచ్చు, బరువు తగ్గేది మాత్రం దానివల్ల కాదు

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి పక్క జిమ్ములోనైనా, విజయనగరం గంట స్తంభం దగ్గర టీ కొట్టు బల్ల మీదైనా బరువు కబుర్లు మొదలైతే ఇప్పుడు ఒక కొత్త మాట వినిపిస్తోంది. ఇదివరకు అన్నం లాంటి పిండి పదార్థాలు బాగా తగ్గించి కొవ్వు ఎక్కువగా తినే కీటో డైట్ గురించి చెప్పేవారు "కొవ్వు తింటే కొవ్వు కరుగుతుంది" అనేవారు. ఇప్పుడు ఆ మాటకి తోక పెరిగింది. అన్నం మానేస్తే గ్రోత్ హార్మోన్ ఇరవై రెట్లు అవుతుందట, ఆ హార్మోనే కొవ్వుని కరిగించి కండ పెంచుతుందట. ఈ ఇరవై రెట్లు ఎవరిలో కొలిచారు, ఏం తిన్నప్పుడు కొలిచారు అన్నది మాత్రం ఫోన్లో తిరిగే వీడియోల్లో ఉండదు.

తెలుగు జిల్లాలకి ఈ తిండి కొత్తదేమీ కాదు. 2018 ప్రాంతంలో వీరమాచినేని రామకృష్ణ ప్రచారంతో 'వీఆర్‌కే డైట్' పేరు ఊరూరా తిరిగింది. రోజుకి 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు, రెండు మల్టీవిటమిన్ మాత్రలు అన్న లెక్క చాలామందికి ఇప్పటికీ కంఠతా వచ్చు. అప్పట్లో వాదనంతా కొబ్బరినూనె మంచిదా చెడ్డదా అన్నదాని చుట్టూ నడిచింది. హార్మోన్ల మాట తర్వాత వచ్చింది.

క్లుప్తంగా

పూర్తిగా పస్తు ఉన్నప్పుడు గ్రోత్ హార్మోన్ పెరగడం నిజం. కానీ అది ఒంట్లో ఇంధనం తగ్గిందని వెళ్లే కబురు. బరువు తగ్గించే ఇంజిన్ అది కాదు. కీటోలో తొలివారం తగ్గేది ఎక్కువగా నీరు, ఆ తర్వాత తగ్గేది తక్కువ తినడం వల్ల. లావుగా ఉన్నవారిలో ఈ హార్మోన్ తక్కువగా ఉండడం కూడా చాలావరకు లావు వల్ల వచ్చినదే, బరువు తగ్గితే అదీ కోలుకుంటుంది. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతంవారు, షుగర్ మాత్రలు వాడేవారు మాత్రం హార్మోన్ సంగతి పక్కనపెట్టి, ముందు కిడ్నీ పరీక్ష, మందుల చీటీ చూసుకోవాలి.

తింటూనే పస్తున్నట్టు

కీటో డైట్ పుట్టింది బరువు కోసం కాదు, మూర్ఛ కోసం. పస్తు ఉంటే పిల్లల్లో ఫిట్స్ తగ్గుతాయని వైద్యులు గమనించారు. కానీ పసివాణ్ణి ఎన్నాళ్లని పస్తు పెడతారు? 1921లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యుడు రస్సెల్ వైల్డర్ దీనికి ఒక దారి చెప్పాడు. పిండి పదార్థాలు బాగా తగ్గించి కొవ్వు పెంచితే, తింటున్నా సరే ఒళ్లు పస్తున్నట్టే నడుచుకుంటుంది. కాలేయం కొవ్వుని విరిచి కీటోన్లు తయారుచేస్తుంది, మెదడు చక్కెరకి బదులు వాటితో చాలావరకు నెట్టుకొస్తుంది. కీటోన్లలో ఒకటైన ఎసిటోన్ ఊపిరితో బయటికి పోతుంది కాబట్టే ఈ డైట్‌లో ఉన్నవారి నోటి నుంచి మాగిన పండులాంటి వాసన వస్తుంది.

ఇందుకు రోజు మొత్తం మీద పిండి పదార్థం 50 గ్రాములు దాటకూడదు. చాలామంది 20 గ్రాముల దగ్గరే ఆపుతారు. ఉత్తరాంధ్ర కంచంలో ఆ లెక్క ఎలా కుదురుతుందో ఒకసారి చూడాలి. వండిన అన్నం 100 గ్రాముల్లో దాదాపు 28 గ్రాముల పిండి పదార్థం ఉంటుంది. అంటే 180 గ్రాముల అన్నంతో రోజు కోటా అయిపోతుంది. పొలం పని చేసే మనిషి ఒక్క పూటకే అంతకు రెట్టింపు తింటాడు. పొద్దున్న తరవాణి అన్నం, మధ్యాహ్నం పప్పూ చారూ, రాత్రి మళ్లీ అన్నం అనుకుంటే రోజుకి 400 గ్రాముల బియ్యం ఇట్టే లేస్తుంది. అందులో 300 గ్రాములకి పైగా పిండి పదార్థమే.

అన్నం మానేసి చోడి (రాగి) అంబలికి మారితే కీటో అయిపోతుందనుకునేవారూ ఉన్నారు. చోడిపిండి 100 గ్రాముల్లో దాదాపు 70 గ్రాములు పిండి పదార్థమే. గంట్లు (సజ్జలు), కొర్రలు కూడా అటూ ఇటూగా అంతే. పీచు, ఖనిజాలు ఎక్కువ కాబట్టి బియ్యం కంటే అవి మేలైన తిండే, కానీ కీటో కావు. ఉలవల్లో ప్రోటీన్ బాగానే ఉన్నా సగానికి పైగా పిండి పదార్థమే ఉంటుంది. అన్నిటికంటే చిత్రమైనది పలాస జీడిపప్పు సంగతి. కొవ్వు ఉంది కదా అని గుప్పెళ్లకొద్దీ తినేవారికి తెలియనిది, 100 గ్రాముల జీడిపప్పులో దాదాపు 30 గ్రాముల పిండి పదార్థం ఉంటుందని. పక్కనే ఉన్న పచ్చికొబ్బరిలో పీచు పోగా మిగిలేది ఆరేడు గ్రాములే. ఉద్దానం పండించే రెండు పంటల్లో ఒకటి ఈ డైట్‌కి పనికొస్తుంది, రెండోది చెడగొడుతుంది.

తొలివారం తూకంలో పోయేది

"వారంలో ఐదు కిలోలు తగ్గాను" అన్న మాట అబద్ధం కానక్కర్లేదు. తగ్గినది కొవ్వు అనుకోవడం దగ్గరే తప్పు. కిలో కొవ్వులో దాదాపు 7,700 క్యాలరీలు ఉంటాయి. ఐదు కిలోల కొవ్వు కరగాలంటే ఆ వారంలో 38,500 క్యాలరీలు, అంటే రోజుకి 5,500 క్యాలరీల లోటు రావాలి. ఏమీ తినకుండా రోజంతా కూలి పని చేసినా చాలామందికి అంత లోటు రాదు.

మరి ఆ బరువు ఎక్కడికి పోయింది? ఒంట్లో చక్కెర గ్లైకోజెన్ రూపంలో నిల్వ ఉంటుంది. కాలేయంలో సుమారు 100 గ్రాములు, కండరాల్లో సుమారు 400 గ్రాములు. ప్రతి గ్రాము గ్లైకోజెన్‌తోపాటు మూడు గ్రాముల దాకా నీరు అంటిపెట్టుకుని ఉంటుంది. అన్నం ఆపిన రెండు మూడు రోజుల్లో ఈ నిల్వ చాలావరకు ఖర్చవుతుంది, దాంతో రెండు కిలోల దాకా దిగిపోతుంది. ఇన్సులిన్ తగ్గేసరికి కిడ్నీలు ఉప్పుని ఎక్కువగా వదిలేస్తాయి, ఆ ఉప్పు వెంట మరికొంత నీరు పోతుంది. తలనొప్పి, నీరసం, కాళ్ల తిమ్మిర్లు అంటూ చెప్పుకునే 'కీటో ఫ్లూ' చాలావరకు ఈ ఉప్పూనీళ్ల నష్టమే.

ఈ లెక్క వెయిట్‌లిఫ్టర్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. విజయనగరం జిల్లా నెల్లిమర్ల మండలం కొండవెలగాడ వెయిట్‌లిఫ్టర్ల ఊరిగా పేరుపడింది. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో కాంస్యం తెచ్చింది. ఈ ఆటలో పోటీకి రెండు గంటల ముందు తూకం వేస్తారు. కేటగిరీకి కిలో, కిలోన్నర ఎక్కువున్న లిఫ్టర్ చివరి రోజుల్లో అన్నం, ఉప్పు, నీళ్లు తగ్గించుకుని బరువు దించుకుంటాడు, తూకం అయ్యాక మళ్లీ తాగుతాడు, తింటాడు. ఆ దిగిన బరువుని కొవ్వు అనుకునే కోచ్ ఎవరూ ఉండరు.

గ్రోత్ హార్మోన్ చేసే పని

మెదడు కింద శనగగింజంత ఉండే పిట్యూటరీ గ్రంథి ఈ హార్మోన్‌ని విడుదల చేస్తుంది. కుళాయి నీళ్లలా సన్నగా కారుతూ ఉండదు, చిమ్మినట్టు దఫదఫాలుగా వస్తుంది. అన్నిటికంటే పెద్ద దఫా రాత్రి గాఢ నిద్ర పట్టిన తొలి గంటల్లో. రక్తంలోకి వచ్చాక పదిహేను, ఇరవై నిమిషాల్లో సగం మాయమవుతుంది. పిల్లల్లో ఎముక సాగడానికి ఇది ముఖ్యం. పెద్దల్లో దీని పని నెమ్మదిగా సాగే రోజువారీ సర్దుబాటు. కొవ్వు కణాల నుంచి కొవ్వుని బయటికి వదిలించడం, కండరాన్ని కరగకుండా కాపాడడం, ఇన్సులిన్‌కి ఎదురు తిరిగి రక్తంలో చక్కెరని నిలబెట్టడం.

పెరుగుదలకి సంబంధించిన పని చాలావరకు ఇది నేరుగా చేయదు. కాలేయానికి వెళ్లి ఐజీఎఫ్-1 అనే రెండో హార్మోన్‌ని తయారుచేయిస్తుంది, ఎముకా కండా పెరిగేది ఎక్కువగా దాని చేత. ఈ రెండో మెట్టుని వదిలేసి మాట్లాడడం వల్లే గందరగోళమంతా.

పస్తున్నప్పుడు ఇన్సులిన్ పడిపోతుంది. ఇన్సులిన్ తగ్గితే కాలేయం గ్రోత్ హార్మోన్ మాట వినడం తగ్గిస్తుంది, ఐజీఎఫ్-1 పడిపోతుంది. ఐజీఎఫ్-1 మామూలుగా పిట్యూటరీకి "ఇక చాలు" అని చెప్తూ ఉంటుంది. ఆ మాట ఆగిపోయేసరికి పిట్యూటరీ ఇంకా ఎక్కువ హార్మోన్ వదులుతుంది. అంటే పస్తులో గ్రోత్ హార్మోన్ పెరిగినా, దాని 'పెంచే' చేయి కట్టేసి ఉంటుంది. విప్పి ఉన్నది 'కాపాడే' చేయి ఒక్కటే. తిండి దొరకని కాలంలో కొత్త కండ కట్టడం దండగ ఖర్చు, ఒళ్లు ఆ ఖర్చు పెట్టదు. పస్తున్నవారిలో మందుతో ఈ హార్మోన్‌ని అణిచిపెట్టి చూసిన ప్రయోగాల్లో కండర ప్రోటీన్ నష్టం పెరిగింది. కాబట్టి దాని ఉపయోగం తక్కువదేమీ కాదు. కానీ అది ఉన్నదాన్ని కాపాడడం, కొత్తది పెంచడం కాదు.

ఇరవై రెట్లు ఎక్కడివి

ఆ అంకె గాల్లోంచి ఊడిపడలేదు. 2011లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఇంటర్‌మౌంటెన్ సంస్థ పరిశోధకులు 24 గంటలు నీళ్లు మాత్రమే తాగి పస్తున్నవారి రక్తం పరీక్షించారు. గ్రోత్ హార్మోన్ సగటున ఆడవారిలో 1,300 శాతం, మగవారిలో దాదాపు 2,000 శాతం పెరిగినట్టు చెప్పారు. అంతకుముందు 1992లో మగవారి చేత రెండు రోజులు పస్తుంచి, రోజంతా విడతలవారీగా రక్తం తీసి చూసిన అధ్యయనంలో పెరుగుదల ఐదు రెట్లు వచ్చింది.

ఇరవైకీ ఐదుకీ ఇంత తేడా రావడానికి ఒక ముఖ్యమైన కారణం కొలిచే తీరు. పగటిపూట రెండు దఫాల మధ్య ఈ హార్మోన్ దాదాపు సున్నాకి పడిపోతుంది. ఉదాహరణకి మొదటిసారి కొలిచినప్పుడు 0.1 ఉండి, మరుసటిరోజు 2 ఉంటే అది ఇరవై రెట్లే. కానీ ఆరోగ్యంగా ఉన్న కుర్రాడు ఏ డైట్ లేకుండా పడుకున్నా రాత్రి తొలి నిద్రలో అంతకంటే చాలా పైకి వెళ్తుంది. జేబులో రూపాయి ఉన్నవాడికి ఇరవై వస్తే ఇరవై రెట్లు పెరిగినట్టే, కానీ దాంతో ఇల్లు కట్టలేడు.

ఇంకో సంగతి. ఈ రెండు చోట్లా కొలిచింది పస్తుని. కోడికూర, గుడ్లు, నెయ్యి తింటూ చేసే కీటోని కాదు.

పస్తు వేరు, కీటో వేరు

పస్తులో వచ్చిన ఫలితాన్ని యథాతథంగా కీటో ఖాతాలో వేయడానికి కుదరదు. కారణాలు ఒంటి లోపలే ఉన్నాయి. 1999లో జపాన్ శాస్త్రవేత్తలు కొజిమా, కంగావా బృందం గ్రోత్ హార్మోన్‌ని విడుదల చేయించే పదార్థం కోసం వెతికితే అది కడుపులో దొరికింది. దానికి గ్రెలిన్ అని పేరు పెట్టారు. తర్వాత తెలిసింది, ఆకలి పుట్టించేది కూడా అదేనని. కడుపు ఖాళీ అయితే గ్రెలిన్ పెరుగుతుంది, అది ఆకలినీ లేపుతుంది, పిట్యూటరీనీ తడుతుంది.

కీటోలో ఆకలి తగ్గిందని చాలామంది చెప్తారు, అది నిజమే. బరువు తగ్గినప్పుడు గ్రెలిన్ పెరగడం సహజం. కీటోన్లు ఎక్కువగా ఉన్నంతకాలం ఆ పెరుగుదల అణిగి ఉంటుందని పరిశీలనల్లో తేలింది. అలాంటప్పుడు గ్రోత్ హార్మోన్‌ని తట్టే ఒక చేయి కూడా అణిగినట్టే. పైగా కీటోలో రక్తంలో కొవ్వు ఆమ్లాలు పెరుగుతాయి, అవి పిట్యూటరీని నెమ్మదింపజేస్తాయి. అటువైపు ఇన్సులిన్, ఐజీఎఫ్-1 తగ్గడం హార్మోన్‌ని పైకి తోస్తుంది. మొత్తం మీద ఎంత పెరుగుతుందన్నది మనిషి ఎంత తింటున్నాడు, ఎంత ప్రోటీన్ తింటున్నాడు, ఎంత లావున్నాడు అన్నవాటి మీద ఆధారపడుతుంది. "ఆకలే వేయదు, గ్రోత్ హార్మోన్ కూడా భారీగా పెరుగుతుంది" అని ఒకే గుక్కలో చెప్పే వీడియోలు ఈ ముడిని గమనించినట్టు లేవు.

అన్నం తింటే ఈ హార్మోన్ తగ్గడం మాత్రం నిజం. పిట్యూటరీ గడ్డ వల్ల హార్మోన్ అతిగా తయారవుతోందా అని చూడడానికి వైద్యులు చేసే పరీక్షే 75 గ్రాముల గ్లూకోజ్ తాగించడం. మామూలు మనిషిలో రెండు గంటల్లోపు హార్మోన్ బాగా దిగిపోవాలి. అలా దిగడం ఆరోగ్యానికి గుర్తు. మన ప్రచారంలో అదే పెద్ద నష్టంలా కనిపిస్తోంది.

లావుకీ హార్మోన్‌కీ ఏది ముందు

పొట్ట పెరిగినవారిలో గ్రోత్ హార్మోన్ తక్కువగా ఉంటుంది. ఇది గట్టిగా తేలిన సంగతే. దీన్ని పట్టుకుని "హార్మోన్ తక్కువ కాబట్టే లావయ్యారు, హార్మోన్ పెంచితే తగ్గుతారు" అనడం తేలిక. 1990లలో బాగా లావున్నవారు చాలా బరువు తగ్గాక 24 గంటల హార్మోన్ తీరు పరిశీలిస్తే, అది మామూలు మనుషుల స్థాయికి వచ్చింది. మూలం హార్మోన్‌లో ఉంటే బరువు తగ్గినంత మాత్రాన అది తిరిగి రాకూడదు. బరువు ఏ తిండితో తగ్గినా అది కోలుకునే అవకాశం ఉంది.

హార్మోన్‌ని బయటి నుంచి ఎక్కిస్తే ఏమవుతుందో కూడా చూశారు. 1990లో అమెరికాలో 61 నుంచి 81 ఏళ్ల మగవారిలో 12 మందికి ఆరు నెలలు ఇంజెక్షన్లు ఇస్తే కొవ్వు 14 శాతం తగ్గి, కొవ్వు కాని బరువు దాదాపు 9 శాతం పెరిగింది. ఆ ఒక్క పేపర్ మీద యవ్వనం తిరిగొస్తుందనే వ్యాపారం ఒకటి లేచింది. ఆరోగ్యంగా ఉన్న వృద్ధుల మీద జరిగిన ప్రయోగాలన్నిటినీ 2007లో కలిపి చూస్తే సగటున రెండు కిలోల కొవ్వు తగ్గి, రెండు కిలోల కొవ్వు కాని బరువు పెరిగింది. తూకం ముల్లు కదల్లేదు. వాపులు, కీళ్ల నొప్పులు ఎక్కువయ్యాయి. కొవ్వు కాని బరువులో కొంత ఒంట్లో నిలిచిన నీరే. క్రీడల్లో ఈ ఇంజెక్షన్ పోటీలున్నా లేకున్నా నిషిద్ధం. జిమ్ముల్లో ఎవరైనా "చిన్న డోసే" అంటూ ఇవ్వజూపితే, అది డైట్‌కి కొనసాగింపు కాదని తెలియాలి.

రక్తంలో అంకె ఒకటే చాలదనడానికి ఇంకా గట్టి ఉదాహరణ లారాన్ సిండ్రోమ్. 1966లో ఇజ్రాయెల్ వైద్యుడు జ్వీ లారాన్ వివరించిన ఈ జబ్బులో గ్రోత్ హార్మోన్ చాలా ఎక్కువ ఉంటుంది, కానీ దాన్ని అందుకునే గ్రాహకం పనిచేయదు. ఐజీఎఫ్-1 దాదాపు ఉండదు, మనిషి పొట్టిగా ఉండిపోతాడు, ఒంట్లో కొవ్వు ఎక్కువ. ఉత్తరం వేసినవాడి గొడవ కాదు, అందుకునేవాడి తలుపు మూసి ఉంది.

మరి బరువు తగ్గుతున్నారు కదా

తగ్గుతున్నారు. అందులో వాదన లేదు. ఇంట్లో అన్నం, దోసె, పూరీ, చక్కెర టీ, బిస్కట్టు, సాయంత్రం బజ్జీ అన్నీ ఒక్కసారిగా ఆగిపోతే మిగిలేది గుడ్లు, చేప, కోడి, ఆకుకూర, కొబ్బరి. వాటిని ఎంతని తింటారు? ప్రోటీన్ త్వరగా కడుపు నింపుతుంది, కీటోన్లు ఆకలిని అణుస్తాయి. రోజుకి ఐదారు వందల క్యాలరీలు తెలియకుండానే తగ్గుతాయి. పదిహేను రోజులకి కిలో కొవ్వు కరగడానికి ఆ లోటు చాలు.

అయితే ఆ పని కీటో ఒక్కటే చేస్తుందా అంటే, కాదు. 2003లో అమెరికాలో 63 మంది మీద జరిపిన పరిశీలనలో ఆరు నెలలకి పిండి పదార్థం తగ్గించినవారు ఎక్కువ తగ్గారు, ఏడాదికి వచ్చేసరికి తేడా చెప్పుకోదగినంత లేదు. 2018లో 609 మందిని ఏడాదిపాటు చూసిన స్టాన్‌ఫర్డ్ అధ్యయనంలో కొవ్వు తగ్గించినవారు సగటున 5.3 కిలోలు, పిండి పదార్థం తగ్గించినవారు 6 కిలోలు తగ్గారు. అక్కడి తిండి చాలామందికి కీటో అంత కటువు కాదనే మాట నిజమే. కానీ 2021లో 20 మందిని ఆసుపత్రిలాంటి చోట ఉంచి, రెండు వారాలు కీటో, రెండు వారాలు కొవ్వు తక్కువున్న శాకాహారం, ఎంత కావాలంటే అంత పెట్టి చూశారు. శాకాహారంలో ఉన్నప్పుడే రోజుకి దాదాపు 700 క్యాలరీలు తక్కువ తిన్నారు, అదీ ఆకలి ఎక్కువైందని చెప్పకుండానే. తెలుగు నేల మీద ఉప్పూ నూనె లేని తిండి చెప్పినవారికీ, నూనె తాగమన్నవారికీ ఇద్దరికీ బరువు తగ్గిన శిష్యులు ఉన్నారంటే, ఆ తిండ్లు రెండింటిలోనూ ఆగిపోయినవి బజ్జీలూ చక్కెరా కాబట్టి.

దేశంలో తిండి మొత్తం పిండి పదార్థం వైపే మొగ్గి ఉందన్న విమర్శ మాత్రం సరైనదే. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సర్వే దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉందని, 13.6 కోట్ల మంది ఆ అంచున ఉన్నారని చెప్పింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో ధాన్యాల నుంచి వచ్చే శక్తి 45 శాతానికి మించకుండా చూసుకోమంది. అంటే కంచంలో అన్నం సగం చేసి, ఆ చోటులో ఉలవచారు కంటే ఉలవలనే, పప్పునీ, నెత్తళ్లనీ, కూరనీ పెట్టడం. బియ్యం పూర్తిగా మానేయడం కాదు.

ఉద్దానంలో ఇంకో లెక్క

శ్రీకాకుళం జిల్లాలో కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా ఉంది. మూలం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి మొదలయ్యాయి. ఈ జబ్బు తీరు ప్రమాదకరమైనది. బీపీ, షుగర్ లేనివారికి కూడా వస్తుంది, కాళ్ల వాపులు, మూత్రంలో నురగ లాంటి హెచ్చరికలు మొదట్లో పెద్దగా ఉండవు. బాగానే ఉన్నామనుకునే మనిషికి, కిడ్నీల పనితీరు చూపే క్రియాటినిన్ అనే రక్త పరీక్షలో బయటపడుతుంది.

ఇలాంటి చోట కీటో కిడ్నీల మీద మూడు వైపుల నుంచి భారం మోపుతుంది. మొదటిది నీరు. జీడి, కొబ్బరి తోటల్లో ఎండలో చెమటోడ్చే మనిషి ఒంట్లోంచి ఉప్పూనీరూ ముందే పోతాయి. కీటో తొలివారాల్లో కిడ్నీల దారిన ఇంకా పోతాయి. రెండోది ప్రోటీన్. అసలైన కీటోలో ప్రోటీన్ మితంగానే ఉండాలి, కానీ ఆచరణలో అది కోడికూర డైట్ అయిపోతుంది. కిడ్నీ దెబ్బతిన్నవారికి వైద్యులు సాధారణంగా ప్రోటీన్ తగ్గించమంటారు. మూడోది రాళ్లు. మూర్ఛ కోసం ఏళ్ల తరబడి ఈ తిండిలో ఉన్నవారిలో దాదాపు 20 మందికి ఒకరిలో కిడ్నీలో రాళ్లు కనిపించాయి. అందుకే ఆ ప్రాంతంవారు ఈ డైట్ మొదలుపెట్టే ముందు క్రియాటినిన్, మూత్ర పరీక్ష చేయించుకుని వైద్యుడికి చూపించడం ముఖ్యం. గ్రోత్ హార్మోన్ ఎంతుందన్న ప్రశ్నకంటే ఆ కాగితం మీది అంకె ఎన్నో రెట్లు అవసరం.

మాత్రలు మింగుతూ అన్నం ఆపితే

షుగర్‌కి గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ వాడేవారికి ఆ డోసు అన్నం తింటారన్న లెక్కతో రాసి ఉంటుంది. అన్నం ఆగి డోసు ఆగకపోతే రెండో మూడో రోజుకే చక్కెర పడిపోయి చెమటలు, వణుకు, మైకం రావచ్చు. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రల ప్రమాదం మరో రకం. అవి చక్కెరని మూత్రంలో పంపేస్తాయి. దానికి కీటో తోడైతే కీటోన్లు అదుపు తప్పి రక్తం ఆమ్లమయం కావచ్చు, అదీ గ్లూకోమీటర్‌లో చక్కెర మామూలుగా కనిపిస్తుండగానే. 2020లో డపాగ్లిఫ్లోజిన్ తొలి పేటెంట్ గడువు ముగిశాక చవక రకాలు చిన్న ఊళ్ల మందుల షాపుల దాకా వచ్చాయి కాబట్టి ఈ ప్రమాదం పట్నానికే పరిమితం కాదు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే "డైట్ పట్టింది" అనుకుని ఇంట్లో కూర్చోకూడదు.

పిల్లల విషయం వేరే చెప్పాలి. "గ్రోత్ హార్మోన్ పెరుగుతుంది కదా, పొడుగవుతాడు" అనుకుని ఎదిగే పిల్లలకి అన్నం మాన్పించడం తలకిందుల ఆలోచన. మూర్ఛ కోసం దీర్ఘకాలం కీటోలో ఉన్న పిల్లల్లో ఎదుగుదల నెమ్మదించింది, ఐజీఎఫ్-1 తగ్గింది. మూర్ఛ తీవ్రంగా ఉన్నప్పుడు వైద్యులు ఆ నష్టాన్ని తూచుకునే ఈ తిండి పెడతారు. పొడుగు కోసం ఎవరూ పెట్టరు.

ఒక్కసారి కొలిస్తే ఏం తెలుస్తుంది

డైట్ మొదలెట్టే ముందొకసారి, నెలకొకసారి గ్రోత్ హార్మోన్ పరీక్ష చేయించుకుని పోల్చుకోవడం డబ్బు దండగ. దఫాల మధ్య తీస్తే సున్నాకి దగ్గర, దఫా మీద తీస్తే ఆకాశం. మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చి రక్తమిచ్చినా, సూది చూసి టెన్షన్ పడ్డా పెరుగుతుంది. నిజంగా లోపముందేమో చూడాలంటే మందిచ్చి హార్మోన్‌ని లేపి, గంటల తరబడి విడతలుగా రక్తం తీస్తారు. ఐజీఎఫ్-1 రోజంతా నిలకడగా ఉంటుంది కాబట్టి వైద్యులు ముందు దాన్నే అడుగుతారు. కీటోలో, పస్తులో అది తగ్గడం మామూలే అని కూడా ఆ రిపోర్టు చదివేవారికి తెలిసి ఉండాలి.

డైట్ ఆపినప్పుడు తూకం మళ్లీ ఒక తమాషా చేస్తుంది. మూడు నెలలు అన్నం ముట్టని మనిషి సంక్రాంతికి రెండు రోజులు అరిసెలు, పులిహోర, మామూలు భోజనం తింటే గ్లైకోజెన్ నిండుతుంది, దానితో నీరూ వచ్చి చేరుతుంది. కనుమ నాటికి రెండు కిలోలు పైకి కనిపిస్తే, కరిగిన కొవ్వంతా తిరిగొచ్చిందని దిగులుపడి చాలామంది అక్కడితో డైట్ వదిలేస్తారు. రెండు రోజుల్లో రెండు కిలోల కొవ్వు చేరాలంటే, మామూలుగా తినేదానికి అదనంగా ఆ రెండు రోజుల్లో కలిపి 15,400 క్యాలరీలు తినాలి. నడుం దగ్గర టేపు పెట్టి చూస్తే ముందరి కొలతే ఉంటుంది.